రోడ్డు పక్కకు వచ్చిన చెలిమె

"ఈ రోజు నుంచి నీళ్లను శుభ్రం చేసే బాధ్యతను మన ప్రభుత్వం భూమికి అప్పగిస్తున్నది. భూమి తన పని తాను చేసుకుంటది. మేం అడ్డం రాము."

రాష్ట్ర సహజ జలశుద్ధి మండలి చైర్మన్ పరమేశ్వర్ గారు మా ఎర్రగుంటపల్లి బడి ముందు నిలబడి ఈ ప్రకటన చేసినప్పుడు నేను ఆయనకు మూడు అడుగుల దూరంలో ఉన్నాను. నాది మైకు సెట్టు. మర్రిగూడ మండలంలో ఏ పార్టీ మీటింగైనా, ఎవరి పెళ్లైనా నా మైకే. ఇరవై ఏళ్లుగా ఉపన్యాసాలు వింటున్నాను గానీ, భూమికి ఉద్యోగం ఇచ్చిన నాయకుణ్ని చూడడం అదే మొదటిసారి. చప్పట్లు కొట్టాను. నన్ను చూసి సర్పంచ్ పెద్దులు కొట్టాడు. పెద్దుల్ని చూసి వార్డు మెంబర్లందరూ కొట్టారు.

అది తెలంగాణ వచ్చిన కొత్త. హైదరాబాద్ రోడ్డు వెంట ఇంతింత లావు పైపులు వరసగా పడుకుని ఉండేవి. వాటి లోపల మేకలు పడుకుని ఉండేవి. ఆ పైపులు భూమిలోకి దిగి, మా ఇళ్లకు కృష్ణా నీళ్లు వచ్చేదాకా జనానికి తాగడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకే ఈ మండలి పెట్టారు. పరమేశ్వర్ గారికి ఎలక్షన్లో టికెట్ రాలేదు. దాని బదులు కారు, సైరను, చైర్మన్ కుర్చీ వచ్చాయి.

వేరేవాళ్లయితే కుర్చీలో కూర్చునేవాళ్లు. ఆయన కూర్చోలేదు. చార్జి తీసుకున్న వారానికే స్టడీ టూర్ మీద జర్మనీ వెళ్లారు. అక్కడ నది ఒడ్డున బావులు తవ్వుతారట. నది నీళ్లు ఒడ్డు ఇసుకలోంచి మెల్లగా వడకట్టుకుని బావిలోకి వచ్చేసరికి తేటగా అయిపోతాయట. కరెంటు లేదు, మందు లేదు. అలాంటి ఒక బావిని పదకొండు రోజులు పరిశీలించి వచ్చారు. ఫోన్లో ఫోటో నాకు కూడా చూపించారు. ఫోటోలో చైర్మన్ గారు ఉన్నారు, కోటు ఉంది, మఫ్లరు ఉంది. బావి ఆయన వెనకాల పడింది.

మా ఊరి నీళ్ల గురించి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. మా బోరు నీళ్లు చూడడానికి అద్దంలాగా ఉంటాయి. లోపల ఫ్లోరైడ్ ఉంటుంది. అది కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలై కనిపిస్తుంది, పెద్దవాళ్ల మోకాళ్లలో తెలుస్తుంది. ఇంకో గుర్తు, ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు. పొయ్యి మీద పొద్దున పెడితే మధ్యాహ్నానికి కూడా పప్పు పప్పులాగానే ఉంటుంది.

ఆ రోజు చైర్మన్ గారి వెంట మండలి ఇంజనీరు విజేందర్ గారు వచ్చారు. ఏఈ అంటారు. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన దగ్గర ఒక చిన్న పెట్టె ఉండేది. సీసాలో నీళ్లు పట్టి నాలుగు చుక్కల మందు వేస్తే, నీళ్లు గులాబీ రంగుకు వస్తే మంచివి, పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఉన్నట్టు. బడి బోరు నీళ్లు పసుపు. పంచాయతీ బోరు పసుపు. పెద్దులు పొలం బోరు అయితే బంగినపల్లి మామిడిపండు.

చైర్మన్ గారు చేతి గడియారం చూసుకున్నారు. ఒక్కటన్నా గులాబీ రాకుండా ప్రెస్సు ముందుకు ఎట్లా పోవాలని ఏఈ గారిని అడిగారు. ఏఈ గారు మందు సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ చూశారు. అది సరిగ్గానే ఉంది.

ఎండ దంచుతోంది. బడి ఎదురింటి అమృతమ్మ చైర్మన్ గారికి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగగా మిగిలిన గుక్కెడు నీళ్లలో ఏఈ గారు అలవాటు కొద్దీ నాలుగు చుక్కలు వేశారు.

గులాబీ.

చైర్మన్ గారు చెంబులోకి చూశారు. ఆ తర్వాత అమృతమ్మను చూశారు. "ఇది ఏ కంపెనీ ఫిల్టరమ్మా?" అని అడిగారు.

"కంపెనీ ఏంది సారూ. వాగుల చెలిమె."

అమృతమ్మకు అరవై ఐదు ఉంటాయి. ఆమె ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఏడే మొదటి బోరు పడింది. నలభై ఏళ్లు ఆ నీళ్లే తాగింది. ఇప్పుడు మోకాళ్లు వంగవు. నేల మీద కూర్చుంటే కాళ్లు చాపే కూర్చోవాలి, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. కొడుకూ కోడలూ చౌటుప్పల్‌లో కంపెనీ పనికి పోతారు. వాళ్ల బిడ్డ శ్రీవాణి అమృతమ్మ దగ్గరే ఉంటుంది. రెండో తరగతి. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసు.

ఈ లోకంలో అమృతమ్మకు ఉన్న పట్టుదల ఒక్కటే. ఆ పిల్ల పళ్ల మీద చార పడకూడదు. తల్లిపాలు మాన్పించిన నాటి నుంచి పిల్ల నోట్లో బోరు చుక్క పడనివ్వలేదు. రోజూ పొద్దున్నే కిలోమీటరు దూరం కర్ర పట్టుకుని వాగుకు పోతుంది, ఇసుకలో తవ్వుకున్న చెలిమె నీళ్లు తెస్తుంది. కొత్త పన్ను మొలిచినప్పుడల్లా పిల్లను ఎండలో నిలబెట్టి, పెదవి ఎత్తి, వేలితో రుద్ది చూస్తుంది. అప్పటికి నాలుగు వచ్చాయి. నాలుగూ మల్లెమొగ్గల్లా ఉన్నాయి. ఇంకా ఇరవై నాలుగు రావాలని బడిలో టీచరు చెప్పింది.

చైర్మన్ గారు వెంటనే వాగు చూడాలన్నారు. కారు సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఆయన దిగి నడిచారు. ఇసుక దగ్గరికి రాగానే అమృతమ్మ కర్ర అడ్డం పెట్టి చెప్పులు విడవమంది. చెలిమెల దగ్గర చెప్పులు వేసుకోరు, అది మా దగ్గర పద్ధతి. చైర్మన్ గారు బూట్లు విప్పి పీఏ చేతికి ఇచ్చారు. ఆ ఎండలో ఉత్త కాళ్లతో ఇసుకలో నడిచిన చైర్మన్ మా జిల్లాలో ఇంకొకరు లేరు. కొంచెం గెంతుతూ నడిచారు గానీ, నడిచారు.

అమృతమ్మ కాళ్లు చాపి కూర్చుని రెండు చేతులతో ఇసుక తవ్వింది. మోచేతి లోతు వచ్చేసరికి తడి, ఇంకొంచెం తవ్వితే నీళ్లు. మొదట ఊరినవి మడ్డిగా ఉంటే చిప్పతో తోడి పక్కన మేకకు పోసింది. రెండోసారివీ పోసింది. చైర్మన్ గారు చెయ్యి పెట్టబోతే ఆపింది.

"జర ఆగాలె సారూ. తొందరపడితే బురదొస్తది."

చైర్మన్ గారు ఆగారు. ఆయనను ఆగమన్న మనిషిని నేను చూడడం కూడా అదే మొదటిసారి. అయిదు నిమిషాలకు ఇసుక అంచుల్లోంచి నీళ్లు కన్నీటి చుక్కల్లా దిగి, గుంత నిండి, అడుగున ఇసుక రేణువు లెక్కపెట్టేంత తేటగా నిలిచాయి. ఏఈ గారు చుక్కలు వేశారు. గులాబీ.

జర్మనీలో చూసింది ఇదేనని చైర్మన్ గారు అందరికీ ప్రకటించారు. ఈ టెక్నాలజీ ఎవరు నేర్పారని అడిగారు.

"మా అత్త" అంది అమృతమ్మ.

"ఆమె ఏం చదివింది?"

"ఏం చదువుతది సారూ. నా మీద నోరు పెట్టి ఒర్రుడు ఒక్కటే చదివింది."

చైర్మన్ గారు నవ్వలేదు. ఆలోచిస్తున్నారు. వాగు ఆ దరి నుంచి ఈ దరి దాకా చూసి, కాలు కాలుతున్నా కదలకుండా నిలబడి, అప్పుడన్నారు. "ప్రకృతి అంతా ఈడనే ఉన్నది. కానీ రోడ్డు లేదు."

నిజమే. మా వాగుకు రోడ్డు లేదు. పెద్దలు రావాలంటే ఎట్లా వస్తారు, టీవీ బండ్లు ఎక్కడ నిలబడతాయి? సమస్య తెలిసిన మరుక్షణమే పరిష్కారం చెప్పే గుణం కొద్దిమందికే ఉంటుంది. చెలిమెను రోడ్డు పక్కకు షిఫ్ట్ చేద్దామన్నారు.

చెలిమెను ఎట్లా షిఫ్ట్ చేస్తారని ఏఈ గారు అడిగారు.

"చెలిమెల ఏమున్నది విజేందర్? ఇసుక. ఇసుకను షిఫ్ట్ చెయ్యి."

ఆ విధంగా మా ఊరికి సహజ జలశుద్ధి నమూనా కేంద్రం మంజూరైంది. బడి పక్కన రోడ్డు మీదికి కనిపించేట్టు క్లాస్‌రూమంత కాంక్రీటు తొట్టి కట్టారు. లోతు పది అడుగులు. అందులో మామూలు ఇసుక పోయొద్దు, గులాబీ వచ్చిన వాగు ఇసుకే పోయాలని చైర్మన్ గారు పట్టుబట్టారు. వాగు కింది మలుపు నుంచి వారం రోజులు ట్రాక్టర్లు తిరిగాయి. ఆ మలుపులో పదిహేడు ఇళ్లవాళ్లకు చెలిమెలు ఉండేవి. ఇసుక పోయాక కింద బండ తేలింది. బండ మీద ఎవరూ చెలిమె తవ్వలేరు గనుక ఆ పదిహేడు ఇళ్ల ఆడవాళ్లూ బిందెలు తీసుకుని పై మలుపుకు, అమృతమ్మ చెలిమె దగ్గరికి వచ్చారు. ఆమె జరిగి జాగా ఇచ్చింది. ఇద్దరు ముగ్గురు సర్పంచ్‌ను తిట్టారు. పెద్దులు అది అభివృద్ధి అని చెప్పాడు. తనకు చెప్పిన మాట అదేనట.

కేంద్రం మాత్రం చూడముచ్చటగా తయారైంది. సహజంగా కనిపించాలని నల్లాకు బదులు సిమెంటుతో ఒక చెట్టు మొద్దు కట్టారు. మొద్దులోంచి ఇత్తడి నల్లా వస్తుంది. తొట్టి మీద రెండు సిమెంటు కొంగలు. ఒకటి నీళ్లలోకి చూస్తుంది, రెండోది రోడ్డు వైపు, వచ్చే అతిథుల వైపు చూస్తుంది. వాగు ఇసుకలో నత్తగుల్లలు ఉన్నాయని జల్లెడ పట్టించారు. ప్రకృతి శుభ్రంగా ఉండాలని ఇసుకను మూడుసార్లు కడిగించారు.

అమృతమ్మను కూడా చైర్మన్ గారు మరిచిపోలేదు. ఆమెను సంప్రదాయ జల నిపుణురాలిగా గుర్తించి, మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. కార్డు మీద ఆమె ఫోటో, మండలి ముద్ర. ఫ్లెక్సీ మీద ఒక పక్క చైర్మన్ గారు, ఇంకో పక్క చెంబుతో అమృతమ్మ. అంతటితో ఆగలేదు. మండలి పరీక్షించే నీటి శాంపిల్ ఏదైనా సరే ఆ నిపుణురాలి చేతితోనే నింపాలనీ, ఫోటో తీసి జతచేయాలనీ సర్క్యులర్ ఇచ్చారు. పల్లె మనిషికి ప్రభుత్వ కాగితంలో అంత స్థానం ఇవ్వడం మాటలు కాదు.

ఇక తొట్టిలోకి నీళ్లు కావాలి. వాగు నడిచి రాదు గనుక బడి బోరు నుంచి పైపు వేశారు. బోరు నీళ్లు పైన పడి, పది అడుగుల వాగు ఇసుకలోంచి దిగి, చెట్టు మొద్దులోంచి సన్నగా వచ్చాయి. ఏఈ గారు చుక్కలు వేశారు.

పసుపు.

ఇసుక ఇంకా కొత్త జాగాకు అలవాటు పడలేదేమోనని వారం చూశారు. పసుపే. ప్రారంభోత్సవం నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఏఈ గారు తిండి మానేశారు. ఆ పొద్దున నేను మైకు వైర్లు లాగుతుంటే ఆయన అమృతమ్మ గడప ముందుకు వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"అవ్వా, ఇసుక అదే. మందం నీ చెలిమె కన్న ఎక్కువే. నీళ్లెందుకు మారుతలెవ్వు?"

"ఏ నీళ్లు పోసినవు?"

"బడి బోరుయి."

అమృతమ్మ పలక లేకుండా బడికి వచ్చిన పిల్లవాడిని చూసినట్టు ఆయనను చూసింది. "ఇసుక బురదను పడతది బిడ్డా. బండల కరిగి వచ్చినదాన్ని అదెట్ల పడతది? చెలిమెల ఉన్నయి వాన నీళ్లు. అవింక బండను ముట్టలే. గా ఇసుక వాటిని జర దాచిపెట్టింది, గంతే."

ఏఈ గారు అరుగు దిగారు. "గీ మాట ముందే చెప్పొద్దా అవ్వా?"

"ఫోటో దిగమన్నరు, దిగిన. అడిగిందెవలు?"

ఆయన అక్కడి నుంచే చైర్మన్ గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. స్పీకర్ పెట్టారు గనుక నేనూ విన్నాను. ఇంజనీర్లకు చదువు ఉంటుంది గానీ దృష్టి ఉండదని నాకు అప్పుడే తెలిసింది.

"విజేందర్, నువ్వు టెక్నికల్‌గ ఆలోచిస్తున్నవ్. సర్క్యులర్‌ల ఏమున్నది? శాంపిల్ నిపుణురాలి చేతితోని నింపాలె అని ఉన్నది. ఏడ నింపాలె అని ఉన్నదా?"

"లేదు సార్."

"ఇగ మరి?"

ఏఈ గారు ఫోన్ పెట్టేసి సీసా తీశారు. అమృతమ్మకు సంగతి అర్థమైంది. ఆమె సీసా పట్టుకుని ఒక్క మాటే అడిగింది. పై మలుపు ఇసుకను ముట్టొద్దు, మా పిల్లకు ఇంకా ఇరవై నాలుగు పళ్లు రావాలి అంది. ముట్టబోమని ఏఈ గారు తన నౌకరీ మీద ఒట్టు పెట్టారు. ఆమె వాగుకు పోయి నింపుకొచ్చింది. నమూనా కేంద్రం నీళ్లు, నిపుణురాలు, సీసా, గులాబీ రంగు, అన్నీ ఒకే ఫోటోలో వచ్చాయి. రిపోర్టు అయింది.

ప్రారంభోత్సవం గొప్పగా జరిగింది. నావి నాలుగు సౌండ్ బాక్సులు పెట్టాను. చైర్మన్ గారు రిబ్బన్ కోసి, చెట్టు మొద్దు కింద గ్లాసు పట్టి, గటగటా తాగి, కళ్లు మూసుకున్నారు. మళ్లీ ఒక గ్లాసు పట్టుకున్నారు. జర్మనీ నీళ్లకన్నా తియ్యగా ఉన్నాయన్నారు. ఆకుపచ్చ బోర్డు మీద పరదా తీశారు. ఈ నీరు సురక్షితం అని ఉంది. ఆయన మొహంలో ఎక్కడా నటన లేదు. ఆయనకు నిజంగా తియ్యగానే ఉన్నాయి.

ఊరివాళ్లు ఆ రోజు బిందెలతో వరస కట్టారు. మధ్యాహ్నం పప్పు పొయ్యి మీద పెట్టారు. మర్నాటి నుంచి కేంద్రం నీళ్లతో బర్రెలను కడగడం మొదలుపెట్టారు. అయినా కేంద్రానికి జనం తగ్గలేదు. నల్గొండ నుంచి, దేవరకొండ నుంచి కార్లు వేసుకుని వచ్చి కొంగల పక్కన నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లు. నేనూ దిగాను. రోడ్డు వైపు చూసే కొంగతో.

పదిహేను రోజులకు పేపర్లో ఫోటోతో సహా వార్త వచ్చింది. చైర్మన్ గారు హైదరాబాద్‌లో ప్రెస్‌మీట్ పెట్టి, జిల్లాకు వంద కేంద్రాలు కడతామనీ, నాణ్యతలో రాజీ లేదు గనుక అన్నింటికీ ఎర్రగుంటపల్లి వాగు ఇసుకే వాడతామనీ ప్రకటించారు.

ఏఈ గారు తన ఒట్టు సంగతి చెప్పుకున్నారట. చైర్మన్ గారు చాలా కదిలిపోయి, అంత మంచి మనసున్న ముసలమ్మకు తానే స్వయంగా వచ్చి కృతజ్ఞతలు చెబుతానన్నారట. మాట నిలబెట్టుకున్నారు. నాలుగో రోజు పొద్దున పై మలుపుకు వచ్చారు. ఆయన వెనక ఒక జేసీబీ, పన్నెండు ట్రాక్టర్లు వచ్చాయి. ఈసారి బండ్లు పోవడానికి దారి కూడా వేశారు. నేను మైకు పట్టుకుని పోయాను, చిన్న కార్యక్రమం ఉంటుందన్నారు.

బిందెలతో వచ్చిన ఆడవాళ్లు చెలిమెల చుట్టూ నిలబడి ఉన్నారు. జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపకుండా బీడీ వెలిగించుకున్నాడు. అమృతమ్మ తన చెలిమె పక్కన కాళ్లు చాపి కూర్చుని ఉంది.

"సారూ, మాటిచ్చిండ్రు" అంది.

"నేనియ్యలే కదమ్మా. ఏఈ ఇచ్చిండు. ఏఈ మాట ఏఈ లెవల్‌కే ఉంటది."

"మరి మా పిల్ల ఏం తాగాలె?"

"మన సెంటర్ ఉన్నది గద. ఫికర్ ఎందుకు? నేను తాగుతలేనా? మా ఇంట్ల అందరం అవే తాగుతున్నం."

ఇది ఉత్త మాట కాదు. ప్రతి ఆదివారం ఆయన కారులో నాలుగు క్యాన్లు చెట్టు మొద్దు కింద నింపి హైదరాబాద్ తీసుకుపోతారు. అక్కడ ఇంట్లో పప్పు ఉడకడం లేదని మేడం గారు రెండు కుక్కర్లు మార్చారట. ఇప్పుడు కందిపప్పు కొట్టు మారుస్తున్నారని డ్రైవరు చెప్పాడు. తన పథకాన్ని తాను వాడుకునే నాయకులు ఎంతమంది ఉన్నారు?

ఏఈ గారు అప్పుడు ముందుకొచ్చి, ఇసుక ఎత్తే ముందు శాంపిల్ తీయాలని రూల్ ఉందని గుర్తుచేశారు. చైర్మన్ గారు సంతోషించారు. రూల్ అంటే రూల్ అన్నారు. ఫోటోగ్రాఫర్‌ను పిలిచి, సీసా అమృతమ్మ చేతికి ఇప్పించారు.

అమృతమ్మ మెడ తడుముకుని, కార్డు ఇంట్లో మరిచిపోయానంది. కార్డు లేకుండా శాంపిల్ తీస్తే బాగుండదేమో, తెచ్చుకుంటానంది. ఆమె క్రమశిక్షణను చైర్మన్ గారు మైకులోనే మెచ్చుకున్నారు. ఆమె నా వైపు చెయ్యి చాపింది.

"తమ్మీ, జర లేపు. బండి తియ్యి."

చెయ్యి ఇచ్చి లేపాను. ఆమె చెంబు చంకన పెట్టుకుని నా బండి వెనక ఒక పక్కకు కాళ్లు చాపి కూర్చుంది. కార్డు తాడు ఆమె మెడ వెనక జాకెట్టు లోపలికి పోతున్నట్టు అనిపించింది గానీ, ఆడమనిషి మెడ వైపు చూడడం మర్యాద కాదు. ఇంటికి పోదామంటే బడి గేటు దగ్గర ఆపమంది. లోపలికి పోయింది. నేను అక్కడే కేంద్రం ముందు నిలబడి కొంగల వైపు చూస్తూ ఉన్నాను. కొంగలు నిజంగా బాగా కట్టారు. లోపల బోరింగు కొట్టిన చప్పుడు నాలుగైదుసార్లు వినిపించింది. బడి కదా, పిల్లలు ఎప్పుడూ ఏదో ఒకటి కొడుతుంటారు. అది ఆదివారం అని నాకు తర్వాత గుర్తొచ్చింది.

ఆమె చెంబు మీద కొంగు కప్పుకుని వచ్చింది. దారిలో గుంత వస్తే మెల్లగా పొమ్మంది.

వాగులో మళ్లీ కాళ్లు చాపి కూర్చుంది. కార్డు ఇప్పుడు గుండెల మీద వేలాడుతోంది. ఆమెకు ఎండ తగలకుండా ఆడవాళ్లు చుట్టూ దగ్గరగా నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్ సందు కోసం అటూ ఇటూ తిరిగాడు. సందు దొరికేసరికి ఆమె నిండిన సీసా ఎత్తి చూపుతూ నవ్వుతోంది. ఫోటో చాలా బాగా వచ్చింది.

ఏఈ గారు చుక్కలు వేశారు.

పసుపు. బడి బోరంత పసుపు.

చైర్మన్ గారు మళ్లీ తీయమన్నారు. ఆమె మళ్లీ నింపింది. మళ్లీ అదే. ఏఈ గారు సీసా వంక చూశారు. అమృతమ్మ వంక చూశారు. అమృతమ్మ గుట్టల వంక చూసింది.

"సార్, ఈ ఇసుక ఫెయిల్" అన్నారు ఏఈ గారు.

"మొన్న గులాబీ వచ్చింది గదనయ్యా?"

"మొన్నటిది సెంటర్ శాంపిల్ సార్. రికార్డుల అట్లనే ఉన్నది. మీరే సంతకం పెట్టిండ్రు."

చైర్మన్ గారు తన కాళ్ల వైపు చూసుకున్నారు. అంతకు ముందు ఇదే వాగులో బూట్లు విప్పుకుని చూసిన గులాబీ ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది. కానీ ఆ రోజు కార్డు లేదు, సర్క్యులర్ లేదు, ఫోటో లేదు. కాగితం మీద అది జరగలేదు. ఆయన కాగితాన్ని గౌరవించే మనిషి. ఆ తర్వాత ఆయన మొహంలో కనిపించిన కంగారు చూసి నాకే కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ ఈ జనం ఇవి తాగుతున్నారా అని అడిగారు. జేసీబీని వెనక్కి పంపారు. ఇలాంటి ఇసుకను జిల్లా అంతా పంచబోయామని తల పట్టుకున్నారు. మైకు తీసుకుని, మీ అందరి పాణాలు ఇయ్యాల కాపాడుకున్నా అన్నారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. చాలా గట్టిగా కొట్టారు.

సాయంత్రానికల్లా బోర్డు వచ్చింది. మండలి చరిత్రలో అంత తొందరగా వచ్చింది ఇంకొకటి లేదు. ఇనుప స్తంభం, ఎర్ర రంగు, పుర్రె బొమ్మ. "ప్రమాదం. ఈ నీరు తాగుటకు పనికిరాదు. ఈ ఇసుకను ఎవరూ తీయరాదు. ఉల్లంఘించినవారు శిక్షార్హులు." పాతడం అయ్యేదాకా చైర్మన్ గారు నిలబడి చూసి, పోయే దారిలో కేంద్రం దగ్గర ఆగి, క్యాన్లు నింపించుకుని వెళ్లారు. ఈసారి ఆరు.

మర్నాడు పొద్దున నేనూ బిందె తీసుకుని వాగుకు పోయాను. అప్పటికే వరస ఉంది. బోర్డు స్తంభానికి ఎవరో మేకను కట్టేశారు. అమృతమ్మ కాళ్లు చాపి కూర్చుని మడ్డి నీళ్లు తోడి పోస్తోంది. శ్రీవాణి బడి సంచి భుజాన వేసుకుని బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతోంది. పుర్రె బొమ్మ దాకా వచ్చి, ఒత్తులు తప్పు పోయాయని మళ్లీ మొదటి నుంచి అందుకుంది. అమృతమ్మ నీళ్లు తేరుకునేదాకా ఆగి, చెంబు నిండా ముంచి, పిల్ల వైపు చాపింది.

"చదువుడు అయిందా? ఇగ తాగు."